‘ఫర్‌గాటెన్’ (2017) కథలో ముడిపడని చోట్లు: కొన్ని సందేహాలు

ప్రశ్న:

అందరికీ నమస్కారం. చాంగ్ హాంగ్‌జున్ దర్శకత్వంలో 2017లో వచ్చిన కొరియన్ చిత్రం ‘ఫర్‌గాటెన్’ను రెండుసార్లు చూశాను. ముగింపు బయటపెట్టకుండా నా సందేహాలు అడగడం సాధ్యం కాదు కాబట్టి, ఇంకా చూడనివారు దయచేసి ఇక్కడితో ఆగిపోండి.

మొదటి సగం నన్ను కట్టిపడేసింది. కొత్త ఇంట్లో దిగిన కుటుంబం, ఎవరూ తెరవకూడదన్న గది, తమ్ముడు జిన్‌సొక్ కళ్లెదుటే అపహరణకు గురై పంతొమ్మిది రోజుల తరువాత ఏమీ గుర్తులేకుండా తిరిగివచ్చిన అన్న యూసొక్, ఆ అన్న నడకలో కనిపించిన తేడా, ఇవన్నీ చక్కగా అల్లారు. భయపడి పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తిన జిన్‌సొక్ ఇది 1997 అని చెప్పినప్పుడు, కాదు 2017 అనీ, నీ వయసు ఇరవై ఒకటి కాదు నలభై ఒకటి అనీ అక్కడివారు చెప్పే ఘట్టంలో నిజంగానే ఒళ్లు జలదరించింది. అన్నగా నటిస్తున్న యూసొక్ నిజానికి, 1997లో జిన్‌సొక్ డబ్బు కోసం ఒప్పుకున్న హత్యలో చనిపోయిన తల్లీకూతుళ్ల ఇంట్లో మిగిలిన కొడుకనీ, హిప్నాసిస్‌తో జిన్‌సొక్‌ను ఇంకా 1997లోనే ఉన్నట్టు నమ్మించాడనీ అప్పుడు తెలుస్తుంది. చిక్కంతా ఆ తరువాతే మొదలైంది.

నలభై ఒక్క ఏళ్ల మనిషి అన్ని రోజులపాటు తన చేతులను, ముఖాన్ని చూసుకోలేదా? హిప్నాసిస్‌తో ఒకరిని ఇరవై ఏళ్లు వెనక్కి తీసుకుపోవడం సాధ్యమేనా? తల్లినీ అక్కనూ చంపినవాడు దొరికినప్పుడు పోలీసులకు అప్పగించకుండా, ఇల్లంతా పాతకాలంలా అమర్చి, తల్లిదండ్రులుగా నటించేవారిని పెట్టుకుని ఇంత నాటకం ఆడవలసిన అవసరం యూసొక్‌కు ఏమొచ్చింది? జిన్‌సొక్‌కు ఆ హత్య పని అప్పగించిన వ్యక్తి, అతని అసలు అన్నకు వైద్యం చేస్తున్న డాక్టర్ ఒక్కరే కావడం మరీ యాదృచ్ఛికం కాదా? వచ్చే ఆదివారం మా మిత్రబృందంలో ఈ చిత్రం గురించి మాట్లాడే బాధ్యత నాది. లోపాన్ని లోపమనే చెప్పాలని ఉంది, కానీ నాకు అర్థం కానిదాన్ని లోపమని చెప్పకూడదు కదా. తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:

నేను డిగ్రీ విద్యార్థులకు మనస్తత్వ శాస్త్రం బోధిస్తాను. మీ మొదటి రెండు ప్రశ్నలూ నిజానికి ఒకే ప్రశ్న కాబట్టి కలిపే రాస్తున్నాను.

ఈ కథలో మరపు రెండు రకాలుగా ఉంది. ఆ రెంటినీ విడదీసి చూస్తే ఎక్కడ నమ్మవచ్చో, ఎక్కడ నమ్మలేమో తేలుతుంది. తాను చేసిన ఘోరాన్ని మనసు తట్టుకోలేక జిన్‌సొక్ ఆ రాత్రిని మరచిపోయాడన్నది మొదటిది. తీవ్రమైన ఆఘాతం తరువాత మెదడుకు ఏ గాయం లేకపోయినా సొంత జీవితంలోని ఒక భాగం గుర్తుకు రాకపోవడాన్ని వైద్యశాస్త్రం గుర్తించింది. ఇరవై ఏళ్లపాటు అది అలాగే ఉండిపోవడం అరుదే అయినా, కథకు అంతమాత్రం వెసులుబాటు ఇవ్వవచ్చునని నా అభిప్రాయం.

రెండవది, హిప్నాసిస్ ద్వారా అతణ్ణి 1997కు తీసుకుపోయి అక్కడే ఉంచడం. ఇది కుదరదు. హిప్నాసిస్‌లో ఒకరిని చిన్ననాటికి వెళ్లమంటే, వారు నిజంగా ఆ వయసుకు చేరుకోరు. ఆ వయసులో తాము ఎలా ఉండేవారమని ఇప్పుడు అనుకుంటున్నారో అలా ప్రవర్తిస్తారు. సూచనలకు బాగా లోబడేవారికి ఎదురుగా ఉన్న వస్తువు కాసేపు కనిపించకుండా చేయవచ్చునని ప్రయోగాలు చెబుతున్నాయి. అయితే అది ఎవరో పక్కనుండి నడిపిస్తుండగా, కొద్దిసేపు మాత్రమే నిలిచే స్థితి. రోజుల తరబడి తిని, పడుకుని, అద్దం ముందు నిలబడి, రాత్రివేళ వీధుల్లో అన్నను వెంబడించే మనిషికి తన ముఖంలోని ఇరవై ఏళ్లు కనిపించకుండా ఉండడం ఆ స్థితికి అందే పని కాదు.

ప్రేక్షకులు అంతగా పట్టించుకోని లోపం ఇంకొకటుంది, నా దృష్టిలో అదే పెద్దది. మరచిన నిజాన్ని బయటికి లాగడానికే యూసొక్ ఈ ఏర్పాటంతా చేశాడు. హిప్నాసిస్‌లో గుర్తుకొచ్చిన విషయాలు మామూలు జ్ఞాపకాలకంటే నమ్మదగినవి కావనీ, కల్పన కలిసే ప్రమాదం ఉందనీ, పైగా చెప్పేవారికి వాటిపై అకారణమైన ధీమా పెరుగుతుందనీ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వారి మండలి 1985లోనే స్పష్టం చేసింది. అంటే అంత శ్రమపడి యూసొక్ రాబట్టిన సమాధానం నిజమో కల్పనో అతనికే తెలిసే దారి లేదు. ఈ అనుమానం చిత్రంలో ఒక్క పాత్రకైనా రాకపోవడం నన్ను బాధించింది, ఎందుకంటే ఆ అనుమానంతోనే ఇంకా బలమైన రెండో సగం రాసుకునే వీలుండేది.

రెండవ సమాధానం:

పోలీసుల సంగతి నేను చెబుతాను. ఇది లోపం కాదు, కొరియా ప్రేక్షకులకు వేరే వివరణ అక్కరలేని విషయం.

ఆ దేశంలో అప్పట్లో హత్య కేసులోనైనా నేరం జరిగిన పదిహేనేళ్లలోగా అభియోగం మోపకపోతే, ఆ తరువాత విచారణకు అవకాశం ఉండేది కాదు. 2007 చివరిలో ఆ గడువును ఇరవై ఐదేళ్లకు పెంచారు గాని, అంతకుముందు జరిగిన నేరాలకు పాత గడువే వర్తించింది. 2015లో ‘తేవాన్ చట్టం’గా పేరుపడిన సవరణతో హత్యకు గడువునే తొలగించారు, అప్పటికే గడువు ముగిసిన కేసులకు మాత్రం అది వర్తించదు. ఇప్పుడు లెక్క వేయండి. 1997లో జరిగిన హత్యకు గడువు 2012తో తీరిపోయింది. 2017లో జిన్‌సొక్ తానే స్టేషన్‌కు వెళ్లి నేరం ఒప్పుకున్నా, అతణ్ణి శిక్షించే అధికారం ఏ కోర్టుకూ లేదు.

ఇది కల్పన కాదనడానికి కొరియాలోని హ్వాసంగ్‌లో జరిగిన వరుస హత్యలే సాక్ష్యం. 1986 నుంచి 1991 దాకా జరిగిన ఆ హత్యల్లో చివరిదానికి కూడా 2006లో గడువు ముగిసింది. 2019లో డీఎన్ఏ ఆధారంగా నేరస్థుడెవరో తేలింది, అతడు ఒప్పుకున్నాడు కూడా. మరో హత్యకు అప్పటికే జీవితఖైదు అనుభవిస్తున్న అతనిపై ఈ కేసుల్లో అభియోగం మోపే దారి లేకపోయింది. ఆ కుటుంబాలకు మిగిలింది అతని నోటి నుంచి వచ్చిన మాటలు మాత్రమే. యూసొక్ కోరుకున్నదీ అదే: శిక్ష కోర్టు చేతిలో లేనప్పుడు, ఎవరు చేయించారు, ఎందుకు చేయించారు అన్న జవాబైనా కావాలి. ఈ సంగతి తెలిశాక అతని పద్ధతి అతిగా తోచవచ్చు గాని, అతని ఆరాటం అతి అనిపించదు. పరభాషా ప్రేక్షకుల కోసం ఈ గడువు సంగతిని కాస్త నొక్కి చెప్పి ఉంటే మీ సందేహం పుట్టేదే కాదు.

ప్రశ్నించినవారి స్పందన:

ఇద్దరికీ కృతజ్ఞతలు. గడువు సంగతి నాకు బొత్తిగా తెలియదు. తెలియకుండానే ఆదివారం దాన్ని పెద్ద తప్పుగా చూపించబోయాను. మిగిలింది డాక్టర్ విషయం. కష్టాల్లో పడిన డాక్టర్ బీమా డబ్బు కోసం భార్యనే చంపించడం, ఆ పనికి తన రోగి తమ్ముడే దొరకడం నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు.

మూడవ సమాధానం:

అందులో రెండు ప్రశ్నలున్నాయి. డాక్టర్ అంత కష్టాల్లో ఎలా పడ్డాడన్నది మొదటిది. 1997 అన్నది కొరియావారికి వట్టి సంవత్సరం కాదు. జనవరిలో హాన్‌బో ఉక్కు సంస్థ కూలింది, జూలైకల్లా కియా మోటార్స్ అప్పుల్లో చిక్కుకుంది, నవంబరు 21న ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధిని (ఐఎంఎఫ్) సాయం కోరింది, డిసెంబరు 3న ఒప్పందం కుదిరింది. నిన్నటిదాకా నిలకడగా ఉన్న ఉద్యోగులు, వ్యాపారులు, చదువుకున్నవారు నెలల వ్యవధిలో రోడ్డున పడ్డారు. ఆ రోజులను అక్కడివారు ఇప్పటికీ ‘ఐఎంఎఫ్ కాలం’ అనే పిలుచుకుంటారు. ఆపరేషన్‌కు డబ్బులేని కుర్రవాడూ, ఆస్తి పోగొట్టుకున్న డాక్టరూ ఒకే ఆసుపత్రిలో ఎదురుపడడం ఆ ఏడాది వింతేమీ కాదు. దర్శకుడు కథను ఏ సంవత్సరంలోనైనా పెట్టి ఉండవచ్చు, 1997నే ఎంచుకోవడంలో ఈ ఆలోచన ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

రెండవది ఆ ఇద్దరి జత కుదరడం. జిన్‌సొక్ వైపు నుంచి చూస్తే అది నమ్మలేని యాదృచ్ఛికం. డాక్టర్ వైపు నుంచి చూడండి. డబ్బు కోసం ఏ పనికైనా సిద్ధపడే మనిషి అతనికి కావాలి. అన్న ప్రాణం కోసం అల్లాడిపోతున్న మనిషి రోజూ అతని కళ్లెదుటే ఉన్నాడు. ఎంచుకున్నది డాక్టరే అనుకుంటే యాదృచ్ఛికమన్న మాటే రాదు, ఆ స్థానంలో చాలా క్రూరమైన తర్కం నిలబడుతుంది. అయితే ఇది నేను పూడ్చుకున్న ఖాళీ. ఈ ముడిని చిత్రం తొందరతొందరగా దాటేసింది, పాత సంగతులన్నిటినీ చివరి భాగంలో వరుసగా చెప్పించి ఊరుకుంది. మొదటి సగంలో గది తలుపు మీద, అన్న నడక మీద చూపిన ఓర్పులో పావు వంతు ఆ డాక్టర్ మీద చూపినా మీరు ఈ ప్రశ్న అడిగేవారు కాదు. కాబట్టి ఆదివారం దీన్ని లోపమనే చెప్పండి, అది కథ ఊహించడంలో కాదు, చెప్పడంలో జరిగిన లోపమని కలిపి చెప్పండి.

వీలైతే ఆసుపత్రి ఘట్టాన్ని మీ మిత్రులకు మరొకసారి చూపించండి. హత్య చేయించింది తన తండ్రైన ఆ డాక్టరేనా అని యూసొక్ అడిగినప్పుడు, అన్నీ గుర్తుకొచ్చిన జిన్‌సొక్ కాదని అబద్ధమాడతాడు. చిత్రమంతా జ్ఞాపకం కోసం వెతికిన యూసొక్‌కు, జ్ఞాపకం దొరికినవాడే దాన్ని ఇవ్వకుండా దాచిపెట్టడం ఈ కథలోని అన్ని మలుపులకంటే నాకు బలంగా అనిపించింది. దానికి హిప్నాసిస్ నిజమా కాదా అన్న పేచీ కూడా లేదు. జిన్‌సొక్‌గా నటించిన కాంగ్ హానుల్, యూసొక్‌గా నటించిన కిమ్ ముయొల్ ఇద్దరి ముఖాలనూ అక్కడ గమనించండి. యూసొక్ ఆ అబద్ధాన్ని నమ్మలేదని మాటల్లో ఎవరూ చెప్పకముందే తెలిసిపోతుంది.