గుట్కా నిషేధం ఉన్నా ఎలా అమ్ముతున్నారు?

ప్రశ్న: నిషేధం ఉంది కదండీ, మరి పాన్‌డబ్బాల్లో బాహాటంగా ఎలా దొరుకుతోంది?

జవాబు: కిటుకంతా జంట పొట్లాల్లో ఉంది. 2011 ఆహార భద్రత నిబంధన 2.3.4 ప్రకారం తినే పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదు. అందుకే పాన్ మసాలా ఒక పొట్లం, జర్దా (నమిలే పొగాకు) ఇంకో పొట్లం. కొన్నవాడు రెండూ చింపి అరచేతిలో కలుపుకుంటాడు.

ఇంకొకరు: దానికి తోడు ఆహార భద్రత చట్టం సెక్షన్ 30(2)(ఎ) కింద రాష్ట్ర ఆహార భద్రత కమిషనర్ ఇచ్చే నిషేధం ఏడాదికి మించి చెల్లదు. ఏటా కొత్త నోటిఫికేషన్ ఇవ్వాల్సిందే.

మరొకరు: మద్యనిషేధం ఇంకా కష్టమండీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో పెట్టారు, 1997లో ఎత్తేశారు. పక్క రాష్ట్రంలో షాపు తెరిచి ఉంటే సరుకు సరిహద్దు దాటక మానదు, ఇక్కడేమో ఎక్సైజ్ రాబడి పోతుంది. నూనెల్లో ట్రాన్స్‌ఫ్యాట్‌కు (గుండెకు చేటు చేసే కొవ్వు) 2022 నుంచి 2 శాతం పరిమితి పెట్టారు చూడండి, అది నయం. పట్టుకోవాల్సింది ఫ్యాక్టరీని, బజ్జీల బండిని కాదు.