అప్‌డేట్: బిగుసుకుపోయిన బైక్ ఆయిల్ ఫిల్టర్ ఊడింది

ఆయిల్ ఫిల్టర్ కదలడం లేదు, క్యాప్ రెంచ్ (ఫిల్టర్ చివరకు టోపీలా తొడిగి తిప్పే పానా) జారిపోతోంది అని అడిగాను కదా, మొత్తానికి ఊడింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది స్ట్రాప్ రెంచే, అంటే ఫిల్టర్ చుట్టూ పట్టీ బిగించి తిప్పే పానా. ఇంజిన్ కాస్త వేడెక్కించి, ఫిల్టర్ మీద జిడ్డంతా తుడిచి, గరుకు వైపు ఫిల్టర్‌కు ఆనేలా శాండ్‌పేపర్ చుట్టి, దానిపై స్ట్రాప్ వేశాను. స్ట్రాప్‌ను ఇంజిన్‌కు దగ్గరగా వేయండి, అక్కడ రేకు త్వరగా నొక్కుకుపోదు. ఫిల్టర్‌లోకి స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పే అవసరం రాలేదు, చాలా సంతోషం. రేకు చిరిగితే తర్వాత పట్టే దొరకదు.

పట్టేసిన మరలను వదులు చేసే స్ప్రేతో ఉపయోగం లేదు. పట్టేసింది మరలు కాదు, ఎండిపోయి ఇంజిన్‌కు అంటుకున్న రబ్బర్ గ్యాస్కెట్ (ఆయిల్ కారకుండా ఆపే రింగు). ఊడాక అది ఇంజిన్‌కే ఉండిపోయిందేమో తప్పకుండా చూడండి. దాని మీదే కొత్త ఫిల్టర్ వేస్తే ఆయిల్ కారిపోతుంది. కొత్తదాని రబ్బర్‌కు ఆయిల్ రాసి, చేత్తోనే బిగించాను. లీకేజీ లేదు.