అప్‌డేట్: ములాఖత్‌లో బైబిలు, ప్రార్థన

రిమాండ్‌లో ఉన్న మా అబ్బాయికి బైబిలు ఇవ్వొచ్చా, కలిసి ప్రార్థన చేయొచ్చా అని అడిగాను కదండీ. రెండూ జరిగాయి, దేవునికి స్తోత్రం.

జైల్లో ఉన్నవాళ్లని కలవడానికి ఈ-ములాఖత్ అనే ఆన్‌లైన్ సైట్‌లో ముందే నమోదు చేసుకోవాలి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే కొట్టండి, ఒరిజినల్ కార్డు వెంట ఉంచుకోండి. బైబిలు చేతికివ్వనివ్వరు, సిబ్బంది తనిఖీ చేసి పంపుతారు. పల్చటి అట్టది, లోపల చీటీలు, ఫొటోలు, పెన్ను రాతలు లేనిది కొనండి.

ఫోను లోపలికి రాదు గనుక వాక్యం కంఠతా ఉండాలి. 121వ కీర్తన ఎనిమిదే వచనాలు, సరిపోతుంది. మధ్యలో అద్దం, మాట ఇంటర్‌కామ్‌లోనే. ముందు ప్రార్థన, తర్వాతే కేసు సంగతులు పెట్టుకోండి. టైమైతే లైన్ కట్టవుతుంది, చివరికి ఉంచుకుంటే ఆమేన్ దాకా రాలేం. రిసీవర్ ఒక చేత్తో పట్టుకుని, రెండో అరచేయి అద్దానికి ఆనించాడు వాడు. ఇటు నాది.