మూన్‌లైట్ సొనాటా 5వ బార్: స్టెమ్‌లు తిప్పినా సర్దుకోని రెండు వాయిస్‌లు

ఐదుగీతలు:
మూన్‌లైట్ సొనాటా (బీథోవెన్ ఓపస్ 27 నం. 2) మొదటి మూవ్‌మెంట్‌ని మ్యూజ్‌స్కోర్ 4లో (స్వరలిపి రాసే ప్రోగ్రామ్) ఎక్కిస్తున్నాను. మొదటి నాలుగు బార్లలో కుడిచేతికి ట్రిప్లెట్లు (ఒక క్రాచెట్, అంటే పావు నోట్, కాలంలో మూడు నోట్‌లు) తప్ప ఏమీ లేవు, ఇబ్బంది రాలేదు. 5వ బార్ చివరి క్రాచెట్ దగ్గర మెలొడీ మొదలవుతుంది (జి షార్ప్, డాటెడ్ క్వేవర్ అంటే ముప్పావు క్రాచెట్, ఆపైన సెమీక్వేవర్ అంటే పావు క్రాచెట్). ట్రిప్లెట్లు అప్పటికే వాయిస్ 1లో (ఒకే స్టాఫ్, అంటే ఐదు గీతల వరస, మీద విడివిడిగా నడిచే గొంతుల్లో మొదటిది) ఉన్నాయి కదా అని మెలొడీని వాయిస్ 2లో పెట్టాను. స్టెమ్‌లు (నోట్ గుండుకి ఉండే నిలువు గీతలు) ఒకదాన్నొకటి కోసుకున్నాయి. ఎక్స్ నొక్కి రెండింటినీ తిప్పాను. ఇప్పుడు స్టెమ్‌లు సరిగానే ఉన్నాయి గానీ మెలొడీకి ముందు మూడు క్రాచెట్ల రెస్ట్‌లు (మౌనం గుర్తులు) కింద ట్రిప్లెట్ల మీద పడుతున్నాయి, మెలొడీ స్లర్ (నోట్‌లని కలిపే వంపు గీత) కూడా కింది వైపే వస్తోంది. ఒక్కొక్కటీ చేత్తో జరుపుకుంటూ పోవడమేనా? అసలు ఆ రెస్ట్‌లు ఉంచాలా, తీసేయాలా?

స్వరలేఖరి:
ముందు ఎక్స్ మీద నుంచి చెయ్యి తీయండి. అది స్టెమ్‌ని తిప్పుతుందే గానీ వాయిస్‌ని మార్చదు. ప్రోగ్రామ్ దృష్టిలో మీ మెలొడీ ఇంకా కింది గొంతే. అందుకే రెస్ట్‌లు, స్లర్లు, టైలు (ఒకే స్వరాన్ని పొడిగించే వంపు గీతలు) అన్నీ కిందికే పోతున్నాయి. తిప్పినవాటిని ఎంచుకుని ప్రాపర్టీస్‌లో స్టెమ్ దిశని మళ్ళీ ఆటోకి పెట్టండి.

ఒక స్టాఫ్ మీద ఒకే గొంతు ఉన్నప్పుడు మధ్య గీతే హద్దు. గీత కింద ఉన్న నోట్‌కి స్టెమ్ పైకి, మీద ఉన్నదానికి కిందికి, సరిగ్గా గీత మీదుంటే మామూలుగా కిందికి. కార్డ్ (ఒకేసారి మోగే నోట్‌ల గుత్తి) అయితే మధ్య గీతకి ఎక్కువ దూరంలో ఉన్న నోట్‌దే పెత్తనం. రెండో గొంతు రాగానే ఈ లెక్క రద్దు. పై గొంతుకి ఎంత ఎత్తులో ఉన్నా స్టెమ్ పైకే, కింది గొంతుకి ఎంత లోతులో ఉన్నా కిందికే. ఇక్కడ స్టెమ్ చెప్పేది నోట్ ఎక్కడుందని కాదు, ఏ గొంతుదని.

కాబట్టి మెలొడీ వాయిస్ 1, దాని కింది ట్రిప్లెట్ వాయిస్ 2. వాయిస్ 1లో రెస్ట్ డిలీట్ కాదు, ఎంచుకుని వి నొక్కితే దాక్కుంటుంది. వాయిస్ 2, 3, 4 రెస్ట్‌లు డిలీట్ నొక్కితే పూర్తిగా పోతాయి. ఈ తేడాని వాడుకోండి:

1. 5వ బార్లో మొదటి మూడు ట్రిప్లెట్లు వాయిస్ 1లోనే ఉంచండి.
2. నాలుగో ట్రిప్లెట్ తీసేసి అక్కడ వాయిస్ 1లో మెలొడీ ఎక్కించండి.
3. కంట్రోల్+ఆల్ట్+2తో వాయిస్ 2కి మారి, నాలుగో క్రాచెట్ జాగాలో ఆ ట్రిప్లెట్ మళ్ళీ కొట్టండి. ట్రిప్లెట్లని వాయిస్ మార్చే బటన్‌తో తరలించడం కన్నా మళ్ళీ ఎక్కించడమే నయం.
4. వాయిస్ 2లో ముందు మిగిలిన రెస్ట్‌లు డిలీట్ చేయండి.

6వ బార్ నుంచి రెండు గొంతులూ బార్ పొడవునా ఉన్నచోట ట్రిప్లెట్లన్నీ వాయిస్ 2లోకి.

(క్రాచెట్, క్వేవర్ అనే పేర్లే వాడుతున్నాను, మన దగ్గర గ్రేడ్ పరీక్షల వాళ్ళకి అవే అలవాటు. మ్యూజ్‌స్కోర్ మెనూలో క్వార్టర్, ఎయిత్ అని కనిపిస్తే కంగారు పడకండి.)

గీతాగీతం:
పై పద్ధతిలో 5వ బార్లో మూడు ట్రిప్లెట్ల బీమ్ (స్టెమ్‌లని కలిపే అడ్డ పట్టీ) పైన, నాలుగోది కింద వస్తుంది. తప్పు కాదు గానీ నాకు రుచించదు. చెయ్యి మారలేదు, నమూనా మారలేదు, బీమ్ మాత్రం మధ్యలో గెంతుతుంది. బార్ మొత్తం ట్రిప్లెట్లని వాయిస్ 2లో స్టెమ్ కిందికి పెట్టి, వాయిస్ 1 రెస్ట్‌లు మూడింటినీ దాచేస్తాను. రెస్ట్ దాచాక స్టెమ్‌లు పైకి లేస్తే, ఆ మూడు ట్రిప్లెట్లకి మాత్రం ఎక్స్ వాడొచ్చు. వాయిస్ సరిగ్గా ఉన్నాక ఎక్స్ నేరం కాదు.

రెస్ట్‌ల సంగతి: పియానోలో గొంతులు బార్ మధ్యలో పుడతాయి, బార్ మధ్యలోనే ఆగిపోతాయి. ఇంకా మొదలే కాని గొంతుకి రెస్ట్‌లు పెట్టి లెక్కపెట్టించక్కర్లేదు. ఆగి మళ్ళీ వచ్చే గొంతుకి మాత్రం ఆ ఖాళీ కనిపించాలి.

ఇంకోటి, స్టాఫ్‌ల మధ్య జాగా. ట్రిప్లెట్ మొదటి నోట్ జి షార్ప్ రెండో లెడ్జర్ లైన్ (స్టాఫ్ బయట వేసే చిన్న గీత) కింద ఉంది, అంటే స్టాఫ్ అడుగు గీతకి రెండున్నర స్పేస్‌ల (స్పేస్ అంటే పక్కపక్క గీతల మధ్య ఎడం) కింద. మామూలు స్టెమ్ పొడవు మూడున్నర స్పేస్‌లు. స్టాఫ్ బయటికి పోయే స్టెమ్‌ని రెండున్నర దాకా కుదించినా బీమ్ అడుగు గీతకి 5 స్పేస్‌ల కింద పడుతుంది. దాని కింద పిపి (చాలా తక్కువ శబ్దంతో వాయించమనే) గుర్తు కూడా పట్టాలంటే రెండు స్టాఫ్‌ల మధ్య 8 స్పేస్‌లైనా ఇవ్వండి. ట్రిప్లెట్ అంకె 3ని ఒకటి రెండు బార్ల తర్వాత దాచేయండి, ప్రతిదాని కిందా ఉంటే చీమలు బారులు తీరినట్టుంటుంది.

ఐదుగీతలు:
గీతాగీతం గారి పద్ధతే పెట్టాను, స్లర్ దానంతట అదే పైకెళ్ళింది. ఒక సందేహం: మెలొడీ సెమీక్వేవర్ ట్రిప్లెట్ మూడో నోట్‌కి కొంచెం కుడి పక్కన పడుతోంది. నిలువునా ఒకే వరసలోకి లాగాలా?

స్వరలేఖరి:
లాగొద్దు. డాటెడ్ క్వేవర్ తర్వాతి సెమీక్వేవర్ క్రాచెట్‌లో 3/4 వంతు దగ్గర మోగుతుంది, ట్రిప్లెట్ మూడో నోట్ 2/3 దగ్గర. తర్వాత మోగేది తర్వాతే కనిపించాలి. రెండు నోట్‌లూ మరీ ఇరుక్కుంటే ఆ బార్‌ని వెడల్పు చేయండి.

పాతప్రతి:
రెస్ట్ ఎప్పుడు తీయకూడదో చూడాలంటే బాఖ్ సి మేజర్ ప్రెల్యూడ్ (బిడబ్ల్యువి 846) ఎడమచేయి చాలు. అర బార్‌కి 8 సెమీక్వేవర్లు. కింది గొంతు మినిమ్ (రెండు క్రాచెట్లు) సి, స్టెమ్ కిందికి. పై గొంతుకి సెమీక్వేవర్ రెస్ట్, డాటెడ్ క్వేవర్ ఇ, దానికి టై కట్టిన క్రాచెట్ ఇ: 1+3+4. ఆ రెస్ట్ తీసేస్తే ఇ ఎక్కడ మొదలవుతుందో తెలియదు, సి, ఇ కలిపి కొట్టేస్తారు. 32వ బార్ దాకా ఇదే నమూనా.

చిక్కు ఆ రెస్ట్ చోటులోనే. బాస్ క్లెఫ్‌లో (ఎడమచేతి స్టాఫ్‌కి పెట్టే గుర్తు) సి స్టాఫ్ పైనున్న మొదటి లెడ్జర్ లైన్ మీదే ఉంటుంది, రెస్ట్ కూడా అదే క్షణంలో పడుతుంది. ప్రోగ్రామ్ చాలినంత పైకి నెట్టకపోతే సి గుండు మీద కూర్చుంటుంది. గుండుకి తగలనంత పైకి, ఇ ఎత్తుకి దగ్గరగా జరపండి. రెస్ట్‌ని ఎప్పుడూ పూర్తి స్పేస్ చొప్పునే జరపాలి, అర స్పేస్ కాదు. మినిమ్, సెమీబ్రీవ్ (నాలుగు క్రాచెట్లు) రెస్ట్‌లు గీతని పట్టుకునే ఉండాలి కాబట్టి. అవి స్టాఫ్ దాటి పోతే చిన్న లెడ్జర్ లైన్ తోడివ్వాలి.

రెండు గొంతులకీ ఒకే చోట ఒకే విలువ రెస్ట్ వస్తే మధ్యలో ఒక్కటి చాలు.

గీతాగీతం:
మీ సొనాటాలో ఇక రాబోయే బార్లలో రెండు గొంతులూ ఒకే స్వరం మీద కలిస్తే: క్రాచెట్, క్వేవర్ అయితే ఒకే గుండుకి పైకొక స్టెమ్, కిందికొక స్టెమ్. మినిమ్, క్రాచెట్ అయితే ఒకటి బోలు, ఒకటి నలుపు, పక్కపక్కనే రెండు గుండ్లు పెట్టాలి. ఒకదానికి డాట్ ఉండి రెండోదానికి లేకపోయినా విడిగానే. లేకపోతే డాట్ ఎవరిదో తేలదు.