పోస్ట్‌గ్రెస్ నిండా రిమోట్ కనెక్షన్లే: దేన్ని ఉంచాలి, దేన్ని తెంచాలి?

గోదావరిగట్టు:
అందరికీ నమస్కారం. మా దగ్గర పోస్ట్‌గ్రెస్ 15 డేటాబేస్ నడిచే సర్వర్ ఒకటి ఉంది. రెండు అప్లికేషన్ సర్వర్లు, ఒక రిపోర్టుల ప్రోగ్రాము, వీపీఎన్ మీదుగా ఇళ్ల నుంచి డీబీవర్‌తో (డేటాబేస్‌ను చూసే ప్రోగ్రాము) వచ్చే డెవలపర్లు, అందరూ దానికే కనెక్ట్ అవుతారు. మ్యాక్స్_కనెక్షన్స్ (ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఉండవచ్చనే పరిమితి) విలువ మొదటి నుంచీ 100 దగ్గరే ఉంది. నెలాఖరు వచ్చిందంటే చాలు, క్లయింట్లు ఎక్కువయ్యారంటూ కొత్త కనెక్షన్లను తిప్పి పంపేస్తోంది. ఇక్కడివాళ్లకు తెలిసిన మార్గం రీస్టార్ట్ ఒక్కటే. దాంతో బిల్లింగ్ మధ్యలో ఉన్నవాళ్ల పని కూడా పోతోంది. అక్కర్లేని కనెక్షన్లను మాత్రమే ఏరి తెంచడం ఎలా? పరిమితిని 500కు పెంచమని ఒకరు సలహా ఇచ్చారు, అది మంచిదేనా?

నల్లమల:
500కు పెంచకండి. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్‌కూ విడిగా ఒక ప్రాసెస్ పుడుతుంది. ఊరికే కూర్చున్నది కూడా కొంత మెమరీ పట్టుకుంటుంది, అన్నీ ఒకేసారి పనికి దిగితే సర్వర్ మొత్తం నెమ్మదిస్తుంది. పైగా ఆ విలువ మార్చడానికి కూడా రీస్టార్ట్ కావలసిందే.

ముందు పీజీ_స్టాట్_యాక్టివిటీ (ఇప్పుడున్న కనెక్షన్ల జాబితా) తెరిచి చూడండి. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో వరుస ఉంటుంది. అందులో పిడ్ (ప్రాసెస్ నంబరు), యూజర్ పేరు, అప్లికేషన్_నేమ్, క్లయింట్_అడ్రస్ (client_addr), స్టేట్, ఎగ్జాక్ట్_స్టార్ట్ (xact_start, ట్రాన్సాక్షన్ మొదలైన వేళ), స్టేట్_చేంజ్ అనే కాలమ్‌లు మీకు కావాలి. స్టేట్ ‘యాక్టివ్’ అయితే ఏదో నడుస్తోంది. ‘ఐడిల్’ అయితే ఖాళీగా ఉంది, సాధారణంగా దానివల్ల పెద్ద హాని లేదు. ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అని కనిపిస్తే మాత్రం అక్కడ ఆగండి. ట్రాన్సాక్షన్ (ఒకటిగా జరగాల్సిన పనుల కట్ట) తెరిచి, కమిట్ (ఖాయం) గానీ రోల్‌బ్యాక్ (రద్దు) గానీ చేయకుండా వదిలేశారన్నమాట.

చాలామంది తప్పుగా చదివే కాలమ్ ‘క్వెరీ’. స్టేట్ యాక్టివ్ కానప్పుడు అందులో కనిపించేది చివరగా నడిచిన క్వెరీ, ఇప్పుడు నడుస్తున్నది కాదు. మామూలు సెలెక్ట్ (డేటా చదివే క్వెరీ) గంటల తరబడి నడుస్తోందని పొరబడి దాన్ని సరిదిద్దడానికి కూర్చున్నవాళ్లను చూశాను. ఆ సెలెక్ట్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది, ట్రాన్సాక్షన్ మాత్రమే తెరిచి ఉంటుంది. దాని వయసు కావాలంటే ఎగ్జాక్ట్_స్టార్ట్ చూడాలి.

లాగిన్ కావడానికే చోటు లేకపోతే సర్వర్ మెషీన్ మీద పీఎస్ కమాండ్ (నడుస్తున్న ప్రాసెస్‌లను చూపేది) నడపండి. ప్రాసెస్ పేరులోనే యూజర్, డేటాబేస్, క్లయింట్ ఐపీ, పోర్టు, స్టేట్ వరుసగా కనిపిస్తాయి. లోపలికి వెళ్లకుండానే సగం సంగతి తెలుస్తుంది. సూపర్‌యూజర్ల (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ల) కోసం డిఫాల్టుగా 3 చోట్లు అట్టిపెట్టి ఉంటాయి. అయితే అప్లికేషన్‌కే సూపర్‌యూజర్ లాగిన్ ఇచ్చి ఉంటే ఆ మూడూ అదే తినేస్తుంది, ఆపదలో మీకు దారి ఉండదు. మీ దగ్గర అలా ఉందేమో ఈరోజే చూడండి.

రాత్రిషిఫ్టు:
తెంచే విషయం నేను చెబుతాను. రెండు ఫంక్షన్లు ఉన్నాయి. పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్ నడుస్తున్న క్వెరీని ఆపుతుంది, కనెక్షన్‌ను ఉంచుతుంది. పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్ కనెక్షన్‌నే ముగిస్తుంది. భారీ క్వెరీ నడుస్తుంటే మొదటిది చాలు. ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ మీద అది పనిచేయదు, ఎందుకంటే ఆపడానికి అక్కడ నడుస్తున్న క్వెరీ లేదు. దానికి రెండోదే వాడాలి.

ఒకేసారి చాలావాటిని తెంచేటప్పుడు షరతులు జాగ్రత్తగా రాయండి. బ్యాకెండ్_టైప్ ‘క్లయింట్ బ్యాకెండ్’ అయినవాటినే తీసుకోండి, లేకపోతే రెప్లికాకు (నకలు సర్వర్‌కు) వ్యాల్ (మార్పుల లాగ్) పంపే ప్రాసెస్ కూడా తెగిపోతుంది. పీజీ_బ్యాకెండ్_పిడ్ ఇచ్చే నంబరును మినహాయించండి, అది మీ సొంత కనెక్షన్. టెర్మినేట్‌కు బదులు ముందు అవే షరతులతో ఉత్త సెలెక్ట్ నడిపి, వచ్చిన వరుసలు కళ్లారా చూసుకున్నాకే తెంచండి.

ఫంక్షన్ ‘ట్రూ’ ఇచ్చిందంటే సంకేతం వెళ్లిందని మాత్రమే అర్థం, కనెక్షన్ పోయిందని కాదు. వెర్షన్ 14 నుంచి రెండో ఆర్గ్యుమెంట్‌గా మిల్లీసెకన్లు ఇవ్వవచ్చు. అప్పుడు ఆ ప్రాసెస్ నిజంగా ముగిసేదాకా అంతసేపు వేచి చూసి ఫలితం చెబుతుంది.

షెల్ నుంచి కిల్ మైనస్ 9 (ప్రాసెస్‌ను బలవంతంగా చంపే కమాండ్) మాత్రం ఎన్నడూ వాడకండి. ఒక్క బ్యాకెండ్ అలా హఠాత్తుగా చస్తే, షేర్డ్ మెమరీ పాడై ఉండవచ్చని పోస్ట్‌మాస్టర్ (పోస్ట్‌గ్రెస్ ప్రధాన ప్రాసెస్) అనుమానించి మిగిలిన కనెక్షన్లన్నింటినీ తెంచేస్తుంది, ఆపై క్రాష్ రికవరీకి వెళ్తుంది. ఒకరిని పంపబోయి అందరినీ పంపినట్టవుతుంది.

గోదావరిగట్టు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. చూశాను. సగానికి పైగా వరుసలు రిపోర్టుల ప్రోగ్రాము ఐపీ నుంచే వస్తున్నాయి, అన్నీ ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’. కొన్నింటి ఎగ్జాక్ట్_స్టార్ట్ పొద్దున ఆఫీసు తెరిచిన వేళది. రెండు సందేహాలు. తెంచితే వాళ్ల డేటా ఏమవుతుంది? పైగా అప్లికేషన్ సర్వర్ నుంచి వచ్చిన వాటిని పరీక్షకు రెండు మూడు తెంచితే వెంటనే మళ్లీ పుట్టుకొచ్చాయి.

నల్లమల:
కమిట్ కానిది రోల్‌బ్యాక్ అవుతుంది, కమిట్ అయినది భద్రంగా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో రోల్‌బ్యాక్ దాదాపు తక్షణం ముగుస్తుంది. పాత వరుసలను వెనక్కి రాయవలసిన పని దానికి ఉండదు, వదిలేసిన కొత్త వరుసలను తర్వాత వ్యాక్యూమ్ ఊడుస్తుంది.

మళ్లీ పుట్టుకొచ్చేది అప్లికేషన్ ముందే తెరిచి ఉంచుకునే కనెక్షన్ పూల్ వల్ల. పూల్ పనే అది, తెగినదాన్ని తిరిగి తెరవడం. నిజంగా అందరినీ బయటికి పంపాలంటే ముందు తలుపు వేసి తర్వాత తెంచాలి. అప్లికేషన్ వాడే రోల్‌ను (డేటాబేస్ యూజర్‌ను) నోలాగిన్‌గా మార్చవచ్చు, లేదా ఆల్టర్ డేటాబేస్‌తో అలో_కనెక్షన్స్ ఫాల్స్ చేయవచ్చు. పీజీ_హెచ్‌బీఏ ఫైలు (ఎవరు ఎక్కడి నుంచి లాగిన్ కావచ్చో రాసేది) మార్చి రీలోడ్ చేస్తే కొత్తవి రావు గానీ, ఉన్నవి ఉన్నట్టే కొనసాగుతాయి. డేటాబేస్‌నే తీసేయడానికైతే వెర్షన్ 13 నుంచి డ్రాప్ డేటాబేస్‌కు ఫోర్స్ అనే మాట చేర్చవచ్చు, ఉన్న కనెక్షన్లను అదే తెంచుకుంటుంది.

కొత్తవంతెన:
‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ ఎంత ప్రమాదకరమో ఒక ఉదంతం చెప్పాలి. నేను పనిచేసిన చోట ఒక టేబుల్‌కు కాలమ్ చేర్చాలని మధ్యాహ్నం ఆల్టర్ టేబుల్ నడిపారు. మామూలుగా మిల్లీసెకన్లలో అయిపోయే పని. నిమిషం తిరిగేసరికి వెబ్‌సైటు మొత్తం నిలిచిపోయింది.

కారణం ఇది. ఎవరో ఒక డెవలపర్ ఆ టేబుల్ మీద సెలెక్ట్ నడిపి ట్రాన్సాక్షన్ మూయకుండా భోజనానికి వెళ్లారు. సెలెక్ట్‌కు పట్టే తాళం చాలా తేలికైనది, పక్కవాళ్ల చదవడాన్నీ రాయడాన్నీ అది ఆపదు. కానీ ట్రాన్సాక్షన్ ముగిసేదాకా విడవదు. ఆల్టర్‌కు పూర్తి తాళం కావాలి, కాబట్టి అది ఆగింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి సెలెక్టూ ఆల్టర్ వెనుక వరుసలో నిలబడింది. అప్లికేషన్ సమాధానం రాక కొత్త కనెక్షన్లు తెరుస్తూ పోయింది, అవీ అదే వరుసలో చేరాయి. చివరికి పరిమితి నిండింది.

పీజీ_స్టాట్_యాక్టివిటీలో పదుల కొద్దీ ‘యాక్టివ్’ వరుసలు, అన్నింటి వెయిట్_ఈవెంట్_టైప్ ‘లాక్’. అక్కడున్నవాళ్లు ఆ వరుసలనే ఒక్కొక్కటిగా తెంచడం మొదలుపెట్టారు. అవన్నీ బాధితులు! పీజీ_బ్లాకింగ్_పిడ్స్ ఫంక్షన్‌కు ఆగి ఉన్న ఒక పిడ్ ఇస్తే, దాన్ని ఎవరు ఆపుతున్నారో చెబుతుంది. ఆ వచ్చిన పిడ్‌ను మళ్లీ ఇస్తూ వెళ్తే అసలు మొదటివాడు దొరుకుతాడు. దొరికిన ఆ ఒక్క ఐడిల్ కనెక్షన్‌ను తెంచగానే మిగిలినదంతా దానంతటదే కదిలింది.

అప్పటి నుంచి ఆల్టర్‌కు ముందు లాక్_టైమవుట్ 3 సెకన్లు పెట్టడం నా అలవాటు. తాళం దొరకకపోతే అదే తప్పుకుంటుంది, మళ్లీ ప్రయత్నించవచ్చు.

మైఎస్‌క్యూఎల్_మనిషి:
మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ వాడేవాళ్ల కోసం. అక్కడ డిఫాల్టు పరిమితి 151, దానిపైన అడ్మిన్ కోసం ఇంకొక్క చోటు ఉంటుంది. 8.0.14 నుంచి అడ్మిన్_అడ్రస్ పెట్టుకుంటే 33062 పోర్టు మీద వేరే దారి దొరుకుతుంది, దాన్ని ముందే సిద్ధం చేసుకోండి. షో ప్రాసెస్‌లిస్ట్‌లో ‘స్లీప్’ అని ఉన్నవి పేరుకుపోవడానికి తరచూ కారణం వెయిట్_టైమవుట్ (ఖాళీ కనెక్షన్‌ను తెంచే గడువు). డిఫాల్టుగా అది 28,800 సెకన్లు, అంటే 8 గంటలు.

కిల్ క్వెరీ నడుస్తున్న క్వెరీని, ఉత్త కిల్ కనెక్షన్‌ను ముగిస్తాయి. ఇక్కడ నల్లమల గారు చెప్పినదానికి తేడా ఉంది. ఇన్నోడీబీలో (మైఎస్‌క్యూఎల్ డేటా దాచే ఇంజిన్) లక్షల వరుసలను మార్చిన అప్‌డేట్‌ను మధ్యలో చంపితే, మార్చినవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి వేయాలి. అంతసేపూ ‘కిల్డ్’ అని అక్కడే కనిపిస్తుంది. విసిగి సర్వర్‌ను రీస్టార్ట్ చేసినా లాభం లేదు, లేచాక ఆ రోల్‌బ్యాక్ మళ్లీ కొనసాగుతుంది. కిల్ కొట్టే ముందు ఇన్నోడీబీ_టీఆర్‌ఎక్స్ టేబుల్‌లో ఆ ట్రాన్సాక్షన్ ఎన్ని వరుసలు మార్చిందో చూడండి.

పాతలెడ్జర్:
ఒరాకిల్ డేటాబేస్‌లో కనెక్షన్‌ను తెంచడానికి ఎస్ఐడీ (సెషన్ నంబరు) ఒక్కటే చాలదు, సీరియల్ నంబరు కూడా ఇవ్వాలి, ఎందుకంటే ఎస్ఐడీని తర్వాతివాళ్లకు మళ్లీ కేటాయిస్తుంది. చేస్తున్న ట్రాన్సాక్షన్ ముగిశాకే పంపాలంటే డిస్‌కనెక్ట్ సెషన్‌కు పోస్ట్_ట్రాన్సాక్షన్ చేర్చండి. అది నాకు ఎంతో నచ్చిన సదుపాయం, ఎవరి పనీ చెడదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కిల్‌కు విత్ స్టేటస్‌ఓన్లీ చేర్చి రోల్‌బ్యాక్ ఎంతవరకు వచ్చిందో చూడవచ్చు.

డల్లాస్_నుంచి:
రిమోట్ అన్నారు కాబట్టి నెట్‌వర్క్ సంగతి కూడా. డెవలపర్ ల్యాప్‌టాప్ మూసేస్తే, వీపీఎన్ తెగితే, సర్వర్‌కు ఆ కబురే అందదు. అవతల ఎవరూ లేని కనెక్షన్‌ను అది పట్టుకునే ఉంటుంది. లినక్స్ డిఫాల్టుల ప్రకారం 7,200 సెకన్లు నిశ్శబ్దంగా గడిచాకే మొదటి కీప్‌అలైవ్ ప్రోబ్ (అవతల ఎవరైనా ఉన్నారా అని చూసే చిన్న ప్యాకెట్) వెళ్తుంది. ఆపై 75 సెకన్లకొకటి చొప్పున 9 సార్లు. అంటే 2 గంటలు దాటాకే ఆ కనెక్షన్ పోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో టీసీపీ_కీప్‌అలైవ్స్_ఐడిల్ విలువను 120కి దించండి. మధ్యలో లోడ్ బ్యాలెన్సర్ (కనెక్షన్లను సర్వర్లకు పంచేది) ఉంటే దాని ఐడిల్ గడువు కంటే ఇది తక్కువ ఉండాలి. ఉదాహరణకు అమెజాన్ నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్ డిఫాల్టు గడువు 350 సెకన్లు.

ఇంకొకటి. క్లయింట్ వెళ్లిపోయినా, నడుస్తున్న పెద్ద క్వెరీ ఎవరికీ అందని ఫలితం కోసం చివరిదాకా శ్రమిస్తుంది. వెర్షన్ 14లో వచ్చిన క్లయింట్_కనెక్షన్_చెక్_ఇంటర్వల్‌ను 10 సెకన్లు చేస్తే మధ్యమధ్యలో అవతల మనిషి ఉన్నారో లేదో చూసుకుంటుంది. డిఫాల్టుగా అది పనిచేయదు, మీరే పెట్టాలి.

రాత్రిషిఫ్టు:
ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమవుట్‌ను సర్వర్ మొత్తానికీ 5 నిమిషాలు పెట్టేస్తే ఈ చేతిపని అంతా తప్పుతుంది కదా? 9.6 నుంచి ఉన్నదే.

నల్లమల:
సర్వర్ మొత్తానికి పెట్టడాన్ని నేను ఒప్పుకోను. రోల్ వారీగా పెట్టాలి. రాత్రి బ్యాచ్ పని మధ్యలో బయటి సేవ నుంచి జవాబు కోసం వేచి ఉండవచ్చు. అలాంటి డిజైన్ మంచిది కాదు, నిజమే, కానీ ఉన్నదాన్ని హెచ్చరిక లేకుండా తెంచితే నష్టపోయేది వాడేవాళ్లు. రిపోర్టుల రోల్‌కు 2 నిమిషాలు, డెవలపర్లకు 10, బ్యాచ్‌కు దాని అవసరాన్ని బట్టి. వెర్షన్ 14లో వచ్చిన ఐడిల్_సెషన్_టైమవుట్ (ట్రాన్సాక్షన్ లేని ఐడిల్ కనెక్షన్‌ను తెంచేది) విషయంలో మరింత జాగ్రత్త. పూల్ తన దగ్గర ఉంచుకున్న కనెక్షన్ దానికి తెలియకుండా తెగితే, తర్వాతి రిక్వెస్టుకు దోషం వస్తుంది.

రాత్రిషిఫ్టు:
బ్యాకప్‌కు ఇబ్బంది లేదు, పీజీ_డంప్ ఆ గడువును తనకు తానే సున్నా చేసుకుంటుంది. మిగతా విషయంలో మీ మాటే సరి, రోల్ వారీగా పెడితే ఎవరికి ఎంత ఇచ్చామో కూడా స్పష్టంగా ఉంటుంది.

కొత్తవంతెన:
అప్లికేషన్లకూ పోస్ట్‌గ్రెస్‌కూ మధ్య పీజీబౌన్సర్ (విడిగా నడిచే కనెక్షన్ పూల్) పెట్టే ఆలోచన ఉంటే ఒక మాట. పెట్టాక క్లయింట్_అడ్రస్‌లో అన్ని వరుసలకూ బౌన్సర్ ఐపీయే కనిపిస్తుంది, అసలు ఎవరో తెలియదు. అప్లికేషన్_నేమ్_యాడ్_హోస్ట్ అనే సెట్టింగును 1 చేస్తే అసలు క్లయింట్ ఐపీ, పోర్టు అప్లికేషన్ పేరు పక్కన చేరతాయి. పోస్ట్‌గ్రెస్ నిర్వహణ పనులప్పుడు బౌన్సర్‌లో పాజ్, పని అయ్యాక రెజ్యూమ్ ఇస్తే క్లయింట్లు తెగకుండా కాసేపు ఆగి ఉంటాయి. రీస్టార్ట్ తప్పనిసరైన రోజు బిల్లింగ్ వాళ్లకు అది ఎంతో మేలు.

గోదావరిగట్టు:
రోల్‌లు విడగొట్టాను. అప్లికేషన్ సూపర్‌యూజర్‌తోనే లాగిన్ అవుతోంది, దాన్ని మార్పించాను. రిపోర్టుల రోల్‌కు 2 నిమిషాల గడువు, కనెక్షన్ లిమిట్ 15 పెట్టాను. కీప్‌అలైవ్ కూడా దించాను. సర్వర్ ఊపిరి పీల్చుకుంది. కానీ రిపోర్టుల బృందం నుంచి ఫిర్యాదు వచ్చింది, తాము చదవడం తప్ప ఏమీ రాయడం లేదని, ట్రాన్సాక్షన్ తెరవడమే లేదని అంటున్నారు. వాళ్ల ప్రోగ్రాము పైథాన్‌లో ఉంది, సైకాప్‌జీ2 (పైథాన్‌ను పోస్ట్‌గ్రెస్‌కు కలిపే లైబ్రరీ) వాడతారు.

డల్లాస్_నుంచి:
సమాధానం మీ చివరి వాక్యంలోనే ఉంది. సైకాప్‌జీ2 మొదటి సెలెక్ట్‌కే తనంతట తాను బిగిన్ పంపుతుంది. వాళ్లు రాయకపోయినా ట్రాన్సాక్షన్ తెరుచుకుంటుంది, కమిట్ లేదా రోల్‌బ్యాక్ పిలిచేదాకా అలాగే ఉంటుంది. చదవడానికే వాడే కనెక్షన్‌కు ఆటోకమిట్ (ప్రతి క్వెరీ దానంతటదే కమిట్ కావడం) ట్రూ పెట్టమనండి. ఇంకొకటి అడగండి. కనెక్షన్‌ను విత్ బ్లాకులో పెట్టి, బ్లాకు దాటితే మూసుకుపోతుందని అనుకుంటున్నారేమో. సైకాప్‌జీ2లో ఆ బ్లాకు ట్రాన్సాక్షన్‌ను మాత్రమే ముగిస్తుంది, కనెక్షన్‌ను మూయదు. క్లోజ్ విడిగా పిలవాలి. సైకాప్‌జీ 3లో అయితే అదే బ్లాకు కనెక్షన్‌నూ మూస్తుంది.

డీబీవర్ వాడే మీ డెవలపర్ల కమిట్ మోడ్ కూడా చూడండి. మాన్యువల్‌లో ఉంటే వాళ్లదీ ఇదే కథ.

గోదావరిగట్టు:
వాళ్ల కోడ్ తెరిపించి చూశాం. విత్ బ్లాకులు అన్నిచోట్లా ఉన్నాయి, క్లోజ్ ఎక్కడా లేదు. ఆటోకమిట్‌తో పాటు ఈ సాయంత్రం మార్పు చేస్తున్నారు. నెలాఖరున స్టేట్ వారీగా లెక్క తీసి ఇక్కడే పెడతాను.