సాతాను చల్లింది కలుపా, గురుగులా, ఊదా?

పోస్టు:
ప్రతీకవాద చిత్రకళ మీద వ్యాసం రాస్తూ బెల్జియం చిత్రకారుడు ఫెలిసియాన్ రాప్స్ (1833–1898) దగ్గర ఆగిపోయాను. 1882 నాటి ఆయన ‘సాతాను’ వరసలో మొదటి బొమ్మ ఇది. రాత్రివేళ పారిస్. బక్కచిక్కిన సాతాను నెత్తిన బ్రెటన్ రైతుల వెడల్పాటి టోపీ పెట్టుకుని, నోత్రదాం చర్చి గోపురం మీద కాలు మోపి, ఊరి మీదుగా అంగలేస్తూ ఒడిలోంచి విత్తనాలు చల్లుతుంటాడు. దగ్గరగా చూస్తే అవి విత్తనాలు కావు, ఆడవాళ్ళు. ఫ్రెంచి పేరులో ‘ఇవ్రే’ అనే మొక్క ఉంది. ‘కలుపు చల్లే సాతాను’ అంటే సరిపోతుందా? ఎడిటర్ గారికేమో ‘విషబీజాలు నాటే సాతాను’ నచ్చింది. నాకది పేపర్లో హెడ్డింగులా వినిపిస్తోంది. ఇంకో డౌటు: ఆయన పేరు రాప్సా, రోప్సా, ఫ్రెంచి పద్ధతిలో చివరి హల్లులు మింగేసి ‘రో’ అనాలా?

జవాబు:
విషబీజాలు వద్దండీ, దయచేసి. ఆ పేరు మత్తయి సువార్త 13వ అధ్యాయంలోది. తెలుగు బైబిల్లో “మనుష్యులు నిద్రించుచుండగా, అతని శత్రువు వచ్చి గోధుమల మధ్యను గురుగులు విత్తి పోయెను” అని ఉంది. కాబట్టి ‘గురుగులు విత్తుతున్న సాతాను’. చల్లడం కూడా కాదు, విత్తడమే.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఆయన రెచ్చగొట్టే తీరే అది. అందరికీ కంఠతా వచ్చిన మాటను అలాగే ఉంచి, ఒక్క ముక్క మార్చేస్తాడు. 1878లో వేసిన ‘సెయింట్ ఆంథోనీ శోధన’ చూడండి. సిలువ మీది క్రీస్తును పక్కకు నెట్టేసి నగ్నంగా ఒక స్త్రీ ఉంటుంది. పైన పలక మీద ఐ, ఎన్, ఆర్, ఐ (‘నజరేయుడైన యేసు, యూదుల రాజు’ అనే లాటిన్ మాటల పొడి అక్షరాలు) అని నాలుగక్షరాలు ఉండాల్సిన చోట ఇ, ఆర్, ఓ, ఎస్, అంటే ‘ఎరోస్’, గ్రీకుల కామదేవుడు. అక్షరాల లెక్క కూడా తప్పలేదు. 1907లో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ ఈ బొమ్మనే ఉదాహరణగా తీసుకున్నాడు: దేనితో కోరికను అణచబోతామో, దానిలోంచే అది తిరిగి లేస్తుందని. పలక మీద పాత అక్షరాలు తెలియనివాడికి ఇందులో షాకేమీ ఉండదు. గురుగుల బొమ్మదీ అదే సంగతి. సువార్త వినబడకపోతే అది వట్టి దయ్యం బొమ్మ.

వ్యాసంలో ఇదొక్కటే రాయకండి. 1856లో వ్యంగ్య వారపత్రిక పెట్టి లితోగ్రాఫులతో (రాతి అచ్చు బొమ్మలతో) మొదలైన మనిషి ఆయన. నెపోలియన్ కాలపు మాజీ సైనికులకిచ్చిన పతకాన్ని 1858లో ఎగతాళి చేశాడు. సాతాను ఆ తర్వాతెప్పుడో వచ్చాడు.

వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన సభ్యుడు:
బైబిలు సంగతి ఒప్పుకుంటాను గానీ, మొక్క మాత్రం తప్పు. గురుగు అంటే తెలంగాణవాళ్ళు బతుకమ్మలో పేర్చే గునుగు. లేత ఆకు కూర వండుకుంటారు. పూత పడితే గట్టు మీద నుంచే కనబడుతుంది, రహస్యం ఏముంది? ఇవ్రే అలా కాదు. కంకి తీసేదాకా అచ్చం గోధుమే. దాని గింజ పిండిలో కలిస్తే తిన్నవాళ్ళకు తల తిరుగుతుంది, మత్తెక్కుతుంది. ఫ్రెంచి పేరు పుట్టిందే లాటిన్‌లో తాగినవాడు అనే మాట నుంచి. మనకు దగ్గరిది వరిలో ఊద. నారుతో పాటే మడిలోకి వచ్చేస్తుంది, వెన్ను తీసేదాకా కలుపు తీసే కూలీలు కూడా పోల్చుకోలేరు. ‘ఊద చల్లే సాతాను’ అంటే గోదావరి రైతుకు విడమరిచి చెప్పక్కర్లేదు.

మొదటి జవాబు రాసినాయన:
సార్, రైతుకు తెలుస్తుంది, నిజమే. కానీ ఆదివారం చర్చిలో కూర్చునే ఆ రైతే ‘గురుగులు’ అనగానే ఉపమానం మొత్తం అందుకుంటాడు. ఊద అంటే పొలం ఒక్కటే గుర్తొస్తుంది. పేరులో గురుగులు ఉంచి, మీరు చెప్పిన మత్తు సంగతి బొమ్మ కింద రెండు వాక్యాల్లో రాస్తే బాగుంటుంది. ఈయన మొక్కల్ని ఊరికే వాడడు. 1857లో కోర్టు తీసేయమన్న ఫ్రెంచి కవి బోదలేర్ పద్యాలు 1866లో బెల్జియంలో మళ్ళీ అచ్చయినప్పుడు ముఖచిత్రం ఈయనదే. ఎముకలగూడే మానుగా ఒక ఆపిల్ చెట్టు, దాని మొదట్లో సప్త మహాపాపాలు ఏడు మొక్కలుగా.

ఒక సభ్యురాలు:
అందరూ మొక్క దగ్గరే ఉండిపోయారు. మత్తయిలో గురుగులంటే దుష్టుని సంబంధులు, అందులో ఆడా మగా తేడా లేదు. ఈయన ఒడిలో మాత్రం అందరూ ఆడవాళ్ళే. ఆ ఒక్క ముక్క మార్చడం గురించి ఎవరూ మాట్లాడరేం? ఇంతా చేసి, పారిస్‌లో ఆయన కాపురం ఆరేలీ, లియొంతీన్ డ్యులుక్ అనే అక్కచెల్లెళ్ళిద్దరితోనూ. వాళ్ళు నిక్షేపంగా ఫ్యాషన్ దుస్తుల వ్యాపారం నడుపుకున్నవాళ్ళు. 1878 నాటి ‘పోర్నోక్రటీస్’లో కళ్ళకు గంతలు కట్టుకున్న స్త్రీని పంది నడిపిస్తుంది, కింద శిల్పం, సంగీతం, కవిత్వం, చిత్రకళ దిగాలుగా కూర్చుంటాయి. అది కళాపీఠాల మీద వెక్కిరింతని సర్దుకోవచ్చు. గురుగుల బొమ్మకు ఆ సాకు కూడా లేదు. వ్యాసంలో ఈ మాట రాయకపోతే కాప్షన్ ఎంత చక్కగా కుదిరినా దండగ.

పోస్టు పెట్టినావిడ:
రాస్తాను మేడమ్, తప్పకుండా. కాప్షన్ ‘గురుగులు విత్తుతున్న సాతాను’. ఊద, మత్తు రెండూ కింద వివరణలో. మరి పేరు?

మొదటి జవాబు రాసినాయన:
హల్లులు మింగకండి. బోదలేర్ ఒక పద్యంలో ఈయనకు రోమ్ బహుమతి (ఫ్రాన్సులో కళాకారులకిచ్చే పెద్ద బహుమతి) రాకపోయినా ప్రతిభ మాత్రం ఈజిప్టు రాజు కెఓప్స్ పిరమిడంత ఎత్తని పొగిడాడు. ప్రాస కుదరాలని ఈజిప్టు దాకా వెళ్ళాడు మహానుభావుడు. కెఓప్స్‌తో జత కట్టిందంటే ప, స రెండూ పలకాల్సిందే. ఇక అచ్చు సంగతి. మనకు హ్రస్వ ఒ ఉంది కదా, ఇంగ్లీషు దారిలో రాప్స్ ఎందుకు, ‘రొప్స్’ అని రాయండి. ఆయన, బెల్జియంలోని లియేజ్ ఊరి చిత్రకారుడు అర్మాన్ రాసెన్‌ఫాస్ కలిసి రాగిరేకు మీద పూసే ఒక మెత్తటి పూత తయారుచేశారు. దాని మీద కాయితం పరిచి పెన్సిల్‌తో గీస్తే, ఒత్తిడి పడ్డచోట పూత కాయితానికి అంటుకుని లేచివస్తుంది. అక్కడ యాసిడ్ రేకును తింటుంది, అచ్చులో పెన్సిల్ గీతే పడుతుంది. ఇద్దరి పేర్లూ కలిపి దానికి ‘రొప్సెన్‌ఫాస్’ అని పెట్టుకున్నారు. దాన్ని మాత్రం ఎడిటర్ గారు తెలుగు చేస్తానంటే ఒప్పుకోకండి.