పైన్‌కి దారునాళాలు లేకపోయినా నాళికా మొక్క ఎలా అయింది?

ప్రశ్న: బోటనీ పాఠంలో పైన్‌ని నాళికా మొక్కల్లో చేర్చారు. అదే పాఠంలో దానికి దారునాళాలు ఉండవన్నారు. రెండూ ఎలా కుదురుతాయండీ?

జవాబు: నాళిక వేరు, నాళం వేరండీ. నాళికా కణజాలం అంటే రవాణా వ్యవస్థ మొత్తం: నీటిని పైకి తెచ్చే దారువు, ఆకుల్లో తయారైన చక్కెరను మోసే పోషక కణజాలం. ఈ రెండూ ఉంటే నాళికా మొక్కే. దారునాళం దారువులో ఒక భాగం మాత్రమే.

పైన్‌లో నీటిని మోసేవి దారుకణాలు. సన్నగా, పొడుగ్గా, రెండు కొసలూ మూసుకుని ఉంటాయి. పక్కగోడల్లోని గర్తాల (పల్చటి గుంటల) గుండా నీరు ఒక కణం నుంచి ఇంకో కణంలోకి వెళ్తుంది. దారునాళంలో కణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, మధ్య గోడలకు రంధ్రాలు పడతాయి, గొట్టం ముక్కలు అతికించినట్టు. అందుకే అక్కడ ప్రవాహం వేగం. దారుకణాల్లో నిదానమే, కానీ గాలిబుడగ చేరితే నష్టం చాలావరకు ఆ కణంతోనే ఆగుతుంది. నీరు గడ్డకట్టే చలిలో పైన్‌లాంటి శంకుధారులు (శంకువులు కాసే చెట్లు) నిలదొక్కుకోవడానికి ఇదొక పెద్ద కారణం.

అలాగని దారునాళాలను బట్టి నాళికా మొక్కలను గుంపులుగా విడదీయలేం. నీటమ్, ఎఫిడ్రా అనే మొక్కలు పైన్‌లాగే వివృతబీజాలే (అండాశయం కప్పని విత్తనాలున్నవి), వాటికి దారునాళాలున్నాయి. న్యూ కలెడోనియాలో పెరిగే ఆంబొరెల్లా పూలమొక్కే, దానికి లేవు.

తేడా పట్టిచ్చేది బీజం. ఫెర్న్‌లకీ లైకోఫైట్‌లకీ (క్లబ్‌మాస్‌లాంటి నాళికా మొక్కలకీ) విత్తనాలే ఉండవు, పొడిలాంటి సిద్ధబీజాలతో (స్పోర్‌లతో) వ్యాపిస్తాయి. ముదిరిన ఫెర్న్ ఆకును తిరగేస్తే చాలాసార్లు గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్కా సిద్ధబీజాశయాల గుంపు. పాత పుస్తకాలు ఫెర్న్‌లనీ లైకోఫైట్‌లనీ టెరిడోఫైటా అనే ఒకే గుంపులో కలిపేసేవి గానీ, ఫెర్న్‌లు లైకోఫైట్‌ల కన్నా విత్తన మొక్కలకే దగ్గరి చుట్టాలు.

పైన్ శంకువు ఎండి విచ్చుకున్నాక చూడండి, ఒక్కో పొలుసు మీద మామూలుగా రెండేసి గింజలుంటాయి. వాటిని ఏ అండాశయమూ కప్పలేదు, అందుకే వివృతబీజం. ఆవృతబీజాల్లో, అంటే పూలమొక్కల్లో, అండాలు అండాశయం లోపలే ఉంటాయి, ఆ అండాశయమే తర్వాత కాయవుతుంది.

మరో సభ్యురాలు: మరి జునిపర్‌కి నీలం కాయలుంటాయి కదండీ?

జవాబు: అవి చూడ్డానికే కాయలండీ. శంకువు పొలుసులే కండపట్టి, ఒకదానితో ఒకటి అతుక్కుపోయాయి. అండాశయం లేదు కాబట్టి జునిపర్ కూడా వివృతబీజమే.